రెండో తాళంచెవి: తిరువూరు ప్రాంతంలో పనిచోటు తెరిచి మూసే పద్ధతుల చరిత్ర

పెనుగొలను ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని వ్యవసాయ గ్రామం. పత్తి, మిర్చి, మామిడి పండే ఈ ప్రాంతానికి దగ్గరి పట్టణం తిరువూరు. మండలం దాటితే ఖమ్మం జిల్లా. ఇక్కడి ఊళ్లలో పొద్దున తెరుచుకుని పొద్దుగూకాక మూతపడే పనిచోట్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి: కిరాణా కొట్లు, ఎరువుల, పురుగుమందుల దుకాణాలు, తపాలా కార్యాలయం, సహకార పరపతి సంఘం, చౌకధరల దుకాణం, గ్రామ సచివాలయం. అయితే వీటిలో తలుపు తెరిచే తీరు, మూసే తీరు ఒకే కాలంలో పుట్టినవి కావు. కొన్ని ప్రాచీన ఖజానా నియమాలకు దగ్గరగా ఉంటే, కొన్ని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వపు తాలూకా కచేరీల నుంచి, మరికొన్ని 20వ శతాబ్దపు కార్మిక చట్టాల నుంచి వచ్చి చేరాయి. వీటిని ఒకచోట చేర్చి చూసినప్పుడు, పనిచోటుకు తాళం గట్టిదనం ఇచ్చిన రక్షణ కంటే, ఒక్క మనిషి తానొక్కడే తెరవడానికి గాని మూయడానికి గాని వీలులేని ఏర్పాటు ఇచ్చిన రక్షణే ఎక్కువని తేటపడుతుంది. రెండో తాళంచెవి, రెండో సంతకం, రెండో మనిషి కళ్లు ఏ కాలంలో ఎవరివి అన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఖజానా బాధ్యతను సన్నిధాత అనే అధికారికి అప్పగించి, ధనం దాచే నేలమాళిగకు ఒకే ద్వారం ఉండాలని, మెట్లు యంత్రంతో అమర్చినవై ఉండాలని నిర్దేశించింది. ద్వారాలు తగ్గించడమంటే కాపలా అవసరాన్ని తగ్గించడమే గనుక, రాత్రి మూసేటప్పుడు సరిచూడవలసిన తలుపు ఒక్కటే మిగులుతుంది. తెలుగు నేలమీద ఈ ఆలోచన నేటికీ రోజువారీ ఆచారంగా నిలిచి ఉన్న చోటు తిరుమల శ్రీవారి ఆలయం. అక్కడ తెల్లవారుజామున దివిటీతో వచ్చే సన్నిధి గొల్ల అర్చకుని వెంటబెట్టుకుని ఆలయానికి తీసుకువస్తాడు. అర్చకులు, జీయంగారి మఠం పక్షం వారు, దేవస్థానం ఉద్యోగులు కలిసి ఉండగానే బంగారు వాకిలి తెరుచుకుంటుంది. తలుపు తీయగానే లోపలికి ముందుగా నడిచే హక్కు అర్చకునిది కాదు, గొల్లది. దీనిని భక్తులు సేవగా చూస్తారు, అది నిజమే. కానీ పాలనా చరిత్ర దృష్టితో చూస్తే, అర్చక వర్గానికీ మఠానికీ పాలకవర్గానికీ చెందని నాలుగో మనిషి మొదట లోపలికి వెళ్లడం గట్టి జాగ్రత్త కూడా. ఈస్టిండియా కంపెనీ నేరుగా ఆలయ పాలన చేసిన రోజుల్లో, 1821లో రూపొందిన బ్రూస్ కోడ్ వంటి నియమావళులు ఆలయ సిబ్బంది విధులను కాగితం మీదికి ఎక్కించాయి. 1843లో పాలన హాథీరాంజీ మఠం మహంతులకు, 1930లలో దేవస్థానం కమిటీకి మారినా, పలు పక్షాల సమక్షంలో తలుపు తెరవడమన్న పద్ధతి మాత్రం చెదరలేదు.

తిరువూరు ప్రాంతానికి ఈ పద్ధతి గుడి దారిన కాక శిస్తు దారిన వచ్చింది. ఉత్తర సర్కారులలో 1802 నాటి శాశ్వత పరిష్కారం తరువాత ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా కూడా కలిసి ఉన్న పాత కృష్ణా జిల్లా ఎగువ భాగంలో జమీందారీలు స్థిరపడ్డాయి. తిరువూరు ప్రాంతంలో ఎక్కువ భాగం జమీందారీ భూమే. రైతు జమీందారు కచేరీకి కట్టేది శిస్తు. జమీందారు ప్రభుత్వానికి ఏటా కట్టవలసిన స్థిరమైన మొత్తం పేష్కష్. ఈ రెండు చెల్లింపులలోనూ డబ్బు ఊరి నుంచి కచేరీకి, కచేరీ నుంచి ఖజానాకు నడిచి వెళ్లేది గనుక, చేరవలసిన కార్యాలయం ఏ వేళకు తెరిచి ఉంటుంది, ఏ వేళకు లెక్క కట్టేస్తుంది అన్నది మోసుకువెళ్లే మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. గ్రామ మునసబు వసూలు చేసిన సొమ్మును మూటగట్టి, ఇర్సాలునామా అనే పంపకపు చీటీ జతచేసి, ఊరి కాపలా మనిషి తలారినో, గ్రామ సేవకుడు వెట్టివానినో తోడిచ్చి పంపించేవాడు. ఇర్సాలు అంటే ఊరి నుంచి తాలూకా ఖజానాకు జమ కోసం పంపే సొమ్ము. పొద్దు వాలాక చేరిన సొమ్మును ఆ పూట ఖజానాలో జమ చేసుకోవడానికి వీలులేదు గనుక, తెల్లవారేదాకా దానికి కాపలా తెచ్చినవాళ్లదే. కార్యాలయం వేళలు కచ్చితంగా ఉండడం ఉద్యోగి సౌకర్యం కోసమేనని అనుకోవడం పొరపాటు. ఆ కచ్చితత్వంతో ఎక్కువ అవసరం ఉన్నది దారిలో ఉన్న తలారికి.

ఖజానాలో జరిగే పని మరింత నిశితంగా చూడదగినది. మద్రాసు రాజధానిలోని తాలూకా ఖజానాలలో సొమ్మును రెండు విధాలుగా ఉంచేవారు. ఆనాటి చెల్లింపులకు, రాబడికి సరిపడా కొద్దిపాటి నగదు, స్టాంపులు షరాబు చేతికింద ఒంటి తాళంలో ఉండేవి. నాణేన్ని మోగించి, గీటు చూసి, మంచిచెడ్డలు తేల్చే నగదు ఉద్యోగిని షరాబు అంటారు. మిగిలిన పెద్ద మొత్తం జంట తాళంలో, అంటే రెండు వేరువేరు తాళాలు వేసిన గదిలోనో పెట్టెలోనో ఉండేది. ఒక తాళంచెవి తాసీల్దారు వంటి బాధ్యుడైన అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఒకరి చెవితో రెండో తాళం తెరుచుకోదు. పొద్దున ఇద్దరూ వచ్చి, పారా నిలబడ్డ పోలీసు సమక్షంలో క్రితం సాయంత్రం వేసిన తాళాలు, ముద్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూసి, ఆ తరువాతే తలుపు తీసేవారు. ఆ రోజుకు కావలసిన మొత్తాన్ని జంట తాళం నుంచి బయటకు తీసి షరాబుకు అప్పగించి, అప్పగించినట్టు పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చేసేవారు. సాయంత్రం ఇదే పని తిరగబడుతుంది: రోజు పుస్తకం కూడి, చేతిలో ఉన్న నగదును ఆ కూడికతో పోల్చి, మిగులును తిరిగి జంట తాళంలోకి చేర్చి, నిల్వ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాకే కచేరి కట్టేసినట్టు. ఒక్క అణా తేడా వచ్చినా అది తేలేదాకా ఇంటికి పోవడం లేదు.

ఈ ఏర్పాటులోని వివేకం ఏమిటంటే, అది ఎవరినీ దొంగగా అనుమానించదు, ఎవరి నిజాయితీ మీదా పూర్తిగా ఆధారపడదు. సొమ్ము పోతే ఇద్దరూ జవాబు చెప్పాలి గనుక ఒకరికొకరు సాక్షులవుతారు. ఏ తప్పూ చేయని షరాబుకు జంట తాళమే పెద్ద అండ, ఎందుకంటే తానొక్కడే తెరవలేడన్న వాస్తవమే అతని నిర్దోషిత్వానికి రుజువు. పాలనా గ్రంథాలు దీన్ని ప్రభుత్వ సొమ్ము రక్షణగా మాత్రమే వర్ణించడం అలవాటు. కాని చిన్న జీతానికి పెద్ద మొత్తాలు లెక్కపెట్టే ఉద్యోగి పరువుకు కూడా అది రక్షణే అన్న విషయాన్ని సమానంగా గుర్తించాలి.

సరిహద్దు కావడం వల్ల ఈ ప్రాంతంలో రోజు లెక్క కట్టేయడానికి మరో చిక్కు ఉండేది. అవతల ఖమ్మం వైపు నిజాము రాజ్యం. అక్కడి హాలీ సిక్కా ఇక్కడి బ్రిటిషు రూపాయి కంటే విలువ తక్కువ, సుమారుగా 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిషు రూపాయలు. సరిహద్దు పల్లెల్లో పశువులు, ధాన్యం, మిర్చి అటూ ఇటూ చేతులు మారే చోట రెండు నాణేలూ ఒకే గల్లాపెట్టెలో కలవడం సహజం. రాత్రి లెక్క చూసుకునేటప్పుడు వాటిని ముందు వేరుచేసి, తరువాత మారకం కట్టి, ఆ పైనే నిల్వ రాయవలసి వచ్చేది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత 1950లలో హాలీ సిక్కా చెలామణి క్రమంగా ఆగిపోవడంతో ఆ పని తీరింది.

జమీందారీలు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసి, రైతులు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవారయ్యారు. 1984 జనవరిలో గ్రామ మునసబు, కరణం వంటి పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఖజానాల నగదు పని క్రమంగా బ్యాంకులకు మళ్లింది. ఇర్సాలు మూటలు ఆగిపోయినా, జంట తాళం మాత్రం బ్యాంకు స్ట్రాంగ్ రూములోకి చేరి అక్కడ స్థిరపడింది. ఆ కథకు ముందు తపాలా కార్యాలయం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే పల్లెటూరిలో సర్కారు తలుపు రోజూ నియమం తప్పకుండా తెరుచుకోవడం జనం ఎక్కువగా చూసింది అక్కడే.

పల్లె తపాలా కార్యాలయం చాలాచోట్ల పోస్టుమాస్టరు ఇంటి వరండాయే. రెండో మనిషి లేడు, కాబట్టి రెండో తాళంచెవి కూడా లేదు. ఆ లోటును ముద్రలతో, పుస్తకాలతో పూడ్చారు. పొద్దున చేయవలసిన మొదటి పని తేదీ ముద్రను సరిచేయడం: నిన్నటి తేదీ అచ్చులు తీసి నేటివి అమర్చి, ముద్రల పుస్తకంలో మొదటి ముద్ర కొట్టి చూసుకోవడం. ఆ రోజు ఉత్తరాల మీద, పొదుపు ఖాతా పుస్తకాల మీద పడే ప్రతి ముద్రకూ ఆ మొదటి ముద్ర సాక్ష్యం. పై కార్యాలయం నుంచి సంచీ రాగానే దానిని వెంటనే విప్పకూడదు. మూతి కట్టిన తాడు, దాని మీది లక్క ముద్ర చెదరలేదని చూసుకున్నాకే కోయాలి. లోపల ఉత్తరాలతో పాటు నగదూ, జాబితా చీటీ ఉంటాయి. చీటీతో సరిపోల్చి, తేడా ఉంటే అప్పుడే రాసి పంపాలి. సాయంత్రం రోజు లెక్క రాసి, చేతిలో ఉంచుకోవచ్చునన్న పరిమితి దాటిన నగదును సంచీలో వేసి, మళ్లీ ముద్ర వేసి పంపితేనే ఆ రోజు పని ముగిసినట్టు. 1882 ఏప్రిల్ 1న తపాలా పొదుపు బ్యాంకు మొదలైన తరువాత కూలి చేసిన డబ్బు, పాలమ్మిన డబ్బు ఈ వరండాలలోకి చేరసాగింది గనుక ఈ చిన్న నియమాల బరువు పెరిగింది. పక్కన రెండో మనిషి లేని చోట, పది మైళ్ల దూరాన కూర్చుని నేటి చీటీని రేపు చదివే గుమస్తాయే రెండో మనిషి.

వర్తకుని కొట్టులో ఈ పని వేరే విధంగా సాగింది. ఇనుప షట్టర్లు రాకముందు తెలుగు ఊళ్లలో కొట్టు ముందుభాగం చెక్క పలకలతో మూసేవారు. గుమ్మం మీద, కింద గడపలో చెక్కిన గాడిలో పలకలను ఒక పక్క నుంచి ఒకదాని వెనుక ఒకటి జరుపుకుంటూ వెళ్లేవారు. పలకలు చేత్తో చెక్కినవి గనుక ఒకదాని చోట మరొకటి పట్టదు, అందువల్ల వాటి మీద అంకెలు వేసుకునేవారు. చివరి పలక బిగిశాక అన్నిటి మీదుగా అడ్డంగా ఇనుప కడ్డీ వేసి, కొసన తాళం. పొద్దున ఇదే వరుస తిరగబడుతుంది. పలకలన్నీ తీసి గోడకు ఆనించి, గడప కడిగి నీళ్లు చల్లి, దేవుడి పటానికి దీపం పెట్టి, ఆ తరువాత బోణీ, అంటే రోజులో మొదటి బేరం. బోణీ కాకుండా అరువివ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. పలకలు ఒక్కొక్కటిగా తీయడానికి కొంత సేపు పడుతుంది; ఆ సేపంతా వర్తకుడు బజారువైపు, బజారు వర్తకునివైపు చూస్తూనే ఉంటాయి. ఎదురు కొట్టు మనిషి, పక్కింటి అరుగు మీది ముసలాయన, పాలు పోసి వెళ్లే ఆమె అందరూ కొట్టు తెరవడం చూసినవారే. అనుకున్న వేళకు కొట్టు తెరవకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి అడిగేవారు. ఒంటరి వర్తకునికి రెండో తాళంచెవి వీధే.

రాత్రి లెక్క చిట్టాలో ముగిసేది. చిట్టా అంటే ఆ రోజు జమాఖర్చులు జరిగిన వరుసలో రాసుకునే పుస్తకం. ఒక్కొక్కరి ఖాతాను వేరుచేసి ఎత్తి రాసుకునేది ఆవర్జా. పలకలు వేయక ముందు గల్లాపెట్టెలోని సొమ్ము లెక్కపెట్టి, నిన్నటి నిల్వకు నేటి రాబడి కలిపి, ఖర్చు తీసివేసి వచ్చిన అంకెతో సరిచూసి, ఆ అంకెను రేపటి పేజీ మీద తొలి నిల్వగా రాసుకునేవారు. దీపం పెట్టాక ఉప్పు, సూది ఇవ్వకపోవడం, సంధ్యవేళ డబ్బు బయటకు పంపకపోవడం వంటి ఆచారాలను మూఢనమ్మకాలుగా కొట్టివేయడం తేలిక. కానీ వీటిలో కొన్ని, మసక వెలుతురులో తూకం, నాణెం తప్పిపోయే వేళ చిల్లర లావాదేవీలు వద్దన్న వ్యాపార వివేకానికి మతం తొడిగిన తొడుగులై ఉండవచ్చునని తోస్తుంది. కిరోసిను దీపం ముందు నాణెం గీటు చూడడం ఎవరికైనా కష్టమే.

వీధికి రాత్రి కాపు తలారిది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను 11 గ్రామ మునసబును గ్రామ పోలీసు పెద్దగా గుర్తించి తలారులను అతని కింద ఉంచింది. తలారి రాత్రి తిరుగుతూ వేసే కేక దొంగకు హెచ్చరిక మాత్రమే కాదు, కొట్టు మూసి లెక్క చూసుకుంటున్న వర్తకునికి ధైర్యం కూడా. మునసబు పదవి పోయాక ఈ పని పేర్లు మారి, నియామకపు రీతులు మారి, పలుచబడింది. ఇనుప షట్టరు వచ్చాక కొట్టు మూయడం ఒక్క లాగుడుతో, నిమిషంలో ముగిసే పనైంది. సౌకర్యం పెరిగింది, అయితే మునుపటిలా వీధి వీధంతా ఆ మూతను చూసే అవకాశం తగ్గింది.

తాళాల చరిత్రలో బయటి ప్రపంచం ఇక్కడ ప్రవేశిస్తుంది. 1851లో లండన్ మహా ప్రదర్శన సమయంలో అమెరికను తాళాల నిపుణుడు హాబ్స్ తెరవడం అసాధ్యమని పేరు పడ్డ చబ్, బ్రామా తాళాలను తెరిచి చూపి ఆంగ్ల వర్తకులను కలవరపరిచాడు. బొంబాయిలో 1897లో అర్దెషీర్ గోద్రెజ్ తాళాల తయారీ ప్రారంభించి, కొద్ది ఏళ్లకే ఇనుప సేఫుల తయారీవైపు వెళ్లాడు. తరువాతి కాలంలో తెలుగు ఊళ్లలో బీరువా అన్నా గోద్రెజ్ అన్నా ఒకటే అన్నంతగా ఆ పేరు పాతుకుపోయింది. అయితే పనిచోటు భద్రత దృష్టితో చూస్తే వీటన్నిటికంటే ముఖ్యమైన అడుగు 1873లో అమెరికాలో జేమ్స్ సార్జెంటు రూపొందించిన కాలపు తాళం. దొంగలు రాత్రివేళ క్యాషియరు ఇంటికి వెళ్లి, అతన్నీ కుటుంబాన్నీ బెదిరించి బ్యాంకుకు లాక్కుపోయి పెట్టె తెరిపించడం అక్కడ పెరిగిన కాలమది. గడియారంతో ముడిపడిన ఈ తాళం నిర్ణీత వేళకు ముందు చెవి ఉన్నవానికి కూడా తెరుచుకోదు. తాళంచెవి చేతిలో ఉండడమే మనిషికి ప్రమాదమైనప్పుడు, అది చేతిలో ఉన్నా పనికిరాదని అందరికీ తెలియడమే అతనికి రక్షణ. తాలూకా షరాబును కాపాడిన జంట తాళం వెనుక ఉన్న ఆలోచన ఇక్కడ గడియారం రూపం ధరించింది.

కృష్ణా జిల్లా బ్యాంకింగుకు పుట్టినిల్లు వంటిది. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం అయ్యి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. గ్రామీణ బ్యాంకులు 1970ల నుంచి విస్తరించాయి. ఈ జిల్లాలోని గ్రామాలకు పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేరు బోర్డులు ఇన్నిసార్లు మారినా, స్ట్రాంగ్ రూము తెరిచే తీరు తాలూకా ఖజానా వారసత్వమే: ఒక చెవి మేనేజరుది, మరొకటి నగదు బాధ్యుడిది, ఇద్దరూ కలిసి తెరిచి, కలిసి మూసి, నిల్వ మీద కలిసి సంతకం చేస్తారు, ఒకరు సెలవు పెడితే చెవి ఎవరికి ఏ వేళకు అప్పగించారో రిజిస్టరులో రాయాలి, మారు చెవులు ఆ శాఖలో ఉండవు, మరో చోట భద్రపరుస్తారు.

డబ్బును కాపాడే మూత మనిషికి ప్రమాదం కావడం ఈ చరిత్రలో చీకటి భాగం. న్యూయార్కులో 1911 మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో నిప్పంటుకున్నప్పుడు, సరుకు దొంగిలిస్తారన్న అనుమానంతో ఒక మెట్లదారి తలుపుకు తాళం వేసి ఉంచడంతో 146 మంది చనిపోయారు. వారిలో అధికభాగం పడుచు అమ్మాయిలు. భారత కర్మాగారాల చట్టం 1948లో వచ్చినప్పుడు, గదిలో ఒక్క మనిషి ఉన్నా బయటకు పోయే తలుపుకు తాళం వేయరాదని, లోపలి నుంచి వెంటనే తెరుచుకునేలా ఉండాలని స్పష్టంగా రాసింది. పత్తి పండే తిరువూరు వంటి ప్రాంతంలో ఈ నియమం ప్రాణాధారం. ఎండిన పత్తి దూది, గింజ తీసే యంత్రపు రాపిడి, తీగలలో మెరిసే నిప్పురవ్వ కలిస్తే మంటకు మరేమీ అక్కరలేదు. మిల్లు కట్టేసేటప్పుడు దూది దుమ్ము ఊడ్చడం, మెయిన్ స్విచ్చి దించడం, సరుకు మధ్య నిద్రపోతున్న కూలీ ఎవరైనా మిగిలాడేమో చూడడం, గల్లాపెట్టె లెక్క కంటే ముందు చేయవలసిన పనులు. 2022 మార్చిలో సికింద్రాబాదు బోయిగూడ తుక్కు గోదాములో నిప్పంటుకున్నప్పుడు పై అంతస్తులో నిద్రిస్తున్న బీహారు కార్మికులు 11 మంది చనిపోయారు. ప్రాణాలతో బయటపడింది ఒక్కడు. పని ముగిశాక పనిచోటునే పడక చేసుకునే వలస కూలీకి రాత్రి మూత అంటే ఏమిటో ఆ ప్రమాదం చూపింది. ఇంత జరిగినా సరుకు భద్రత పేరుతో మనుషులను లోపల ఉంచి తాళం వేసే అలవాటు మానని యజమానులు ఉండడం క్షమించరానిది.

మిల్లు లేని ఊళ్లలోనూ ఇదే జాగ్రత్త పురుగుమందుల దుకాణంలో అవసరమవుతుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాలు ఈ మందులను ఇతర సరుకులకు దూరంగా వేరే గదిలోనైనా, తాళం వేసిన బీరువాలోనైనా ఉంచాలని, గది పొడిగా, వెలుతురు, గాలి ఆడేలా ఉండాలని చెబుతాయి. రాత్రంతా మూసి ఉన్న చిన్న గదిలో కారిన సీసా ఆవిరి నిండిపోతుంది; షట్టరు ఎత్తగానే లోపలికి నడిచి కూర్చోకుండా, తలుపులు బార్లా తీసి కొంతసేపు గాలి ఆడనివ్వడం అనుభవజ్ఞులైన వర్తకులు పాటించే పద్ధతి. పత్తి మీద మందు కొట్టే నెలల్లో ఈ గదులు కిక్కిరిసి ఉంటాయి గనుక అప్పుడే ఈ ఓర్పు ఎక్కువ అవసరం.

దుకాణం ఎప్పుడు మూయాలన్నది చట్టం చేతికి వచ్చింది ఆలస్యంగానే. బొంబాయి 1939లో దుకాణాల, సంస్థల చట్టం చేసింది. 1942లో వారపు సెలవుల చట్టం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1947లో తన చట్టం చేయడంతో అది ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది. ఆంధ్రప్రదేశ్ 1966లో ఒకటి, దాని స్థానంలో 1988లో మరొకటి చేసింది. దుకాణం ఇంతకంటే ముందు తెరవరాదు, ఇంతకంటే ఆలస్యంగా మూయరాదు అని వేళలు నిర్ణయించే అధికారం, వారానికి ఒక రోజు మూత, రోజుకు 8 గంటల పని అన్నవి ఈ చట్టాలు చేసినప్పటి మూల సూత్రాలు. అంతవరకు గుమస్తాకు సాయంత్రం అంటూ లేదు. యజమాని లెక్క ముగిసేదాకా అతనూ ఉండేవాడు, పలకలు అతనే వేసేవాడు, పొద్దున అతనే తీసేవాడు. మూత వేళను చట్టం నిర్ణయించడంతో కట్టేయడం మొదటిసారిగా గుమస్తా హక్కు అయ్యింది. అందుకే ఈ చట్టాన్ని కేవలం వ్యాపార నియంత్రణగా చూడడం సరికాదు. 2016లో కేంద్రం ప్రతిపాదించిన నమూనా చట్టం దుకాణాలు రాత్రింబవళ్లు తెరిచి ఉంచుకోవడానికి వీలు కల్పించింది. తెలంగాణ 2023లో ఆ దిశగా అనుమతులిచ్చింది. వ్యాపారానికి అది మేలే కావచ్చు; కానీ మూయని దుకాణంలో షిఫ్టు మారే వేళ ఎవరి నుంచి ఎవరికి ఏమి అప్పగించారన్న లెక్క రోజుకు మూడుసార్లు జరగాలి, అది జరుగుతుందో లేదో చూసే యంత్రాంగం ఇంకా ఊరికి చేరలేదు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో పల్లెకు మరో కార్యాలయం తోడైంది. ఇక్కడ తెరవడం అంటే యంత్రంలో హాజరు పడడం. ఉద్యోగులు వచ్చిన వేళను గోడ మీది గడియారం బదులు దూరాన ఉన్న సర్వరు గుర్తిస్తుంది. చౌకధరల దుకాణంలో వేలిముద్రతో పనిచేసే ఈ-పోస్ యంత్రం చిట్టా పని చేస్తోంది; ఇంటింటికీ బండిలో బియ్యం అందించే ఏర్పాటు 2021లో మొదలై 2025 జూన్ నాటికి ఆగిపోవడంతో పంపిణీ మళ్లీ దుకాణం తలుపుకే చేరింది. కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన కెమెరా ఉంది. తపాలా సంచీ ముద్రతో వచ్చినా, లెక్క చేతి యంత్రంలో అప్పటికప్పుడు పై కార్యాలయానికి చేరుతోంది. పది మైళ్ల దూరాన రేపు చదివే గుమస్తా స్థానంలో, తక్షణం చదివే యంత్రం వచ్చింది.

యంత్రం చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది; కానీ షట్టరు ఎత్తుతున్న మనిషి పక్కన నిలబడదు. వీధి అరుగుల మీద కూర్చునేవారు తగ్గారు, తలారి కేక వినబడదు, ఎదురు కొట్టు కూడా అదే వేళకు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. తిరువూరు వంటి పట్టణాల్లో మందుల దుకాణాన్నో, సెల్‌ఫోన్ల కొట్టునో, పెట్రోలు బంకునో చీకటితో తెరిచి చీకటితో మూసేది ఇప్పుడు తరచు ఒక్క ఉద్యోగే. కొన్నిచోట్ల ఆ ఉద్యోగి ఆడపిల్ల. గల్లాపెట్టె, తాళంచెవులు, రోజు రాబడి ఆమె ఒక్కదాని చేతిలోనే ఉంటాయి. తాలూకా షరాబుకు ఇచ్చినట్టు ఆమెకు జంట తాళం ఎవరూ ఇవ్వలేదు. దుకాణాల చట్టం పని గంటలు, సెలవులు, జీతం గురించి వివరంగా చెబుతుంది; పొద్దున తలుపు తీసేటప్పుడు, రాత్రి మూసేటప్పుడు కనీసం ఇద్దరు ఉండాలన్న నియమం మాత్రం అందులో లేదు.